పాత ఇల్లు – పాఠకుల ప్రశ్నలు: దూలం సంగతి తర్వాత, ముందు నీళ్ళ సంగతి

విజయవాడ వన్‌టౌన్ నుంచీ గుంటూరు లాలాపేట, పట్నం బజార్ల నుంచీ ఈసారి ఉత్తరాలు ఎక్కువగా వచ్చాయి. అన్నీ కింద కొట్టు, పైన కాపురం ఉన్న పాత వర్తకుల ఇళ్ళ గురించే. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబు ఇస్తున్నాం.

ప్రశ్న: వన్‌టౌన్‌లో మా తాతగారి ఇల్లు. కింద బట్టల కొట్టు, పైన మేం ఉంటున్నాం. పై అంతస్తు నేల మొత్తం టేకు దూలాల మీదే నిలబడి ఉంది. రెండు దూలాలు కిందికి వంగాయి, ఒకదాని చివర నల్లబడింది. మేస్త్రీ "దూలాలు పోయాయండీ, పడగొట్టి శ్లాబు వేసుకోండి" అంటున్నారు. దూలం నిజంగా పోయిందో లేదో మేమే తెలుసుకునే దారి ఉందా?
– ఓ పాఠకుడు, విజయవాడ

జవాబు: ఉంది. దానికి ఖరీదైన పనిముట్లేమీ అక్కర్లేదు. కొయ్య సుత్తి, మొనదేలిన స్క్రూడ్రైవర్, దారం, పెన్సిలు చాలు.

వంగడం, పుచ్చడం వేర్వేరు జబ్బులు. మేస్త్రీలు రెండింటినీ ఒకే గాటన కట్టేస్తారు. ఎనభై తొంభై ఏళ్ళు బరువు మోసిన చెక్క కొంత కుంగి ఆ వంపులోనే స్థిరపడుతుంది. దూలం అడుగున ఈ చివర నుంచి ఆ చివరకు దారం బిగించి కట్టి, మధ్యలో దారానికీ చెక్కకూ ఎంత తేడా ఉందో కొలవండి. 14 అడుగుల దూలానికి ముప్పావు అంగుళం దాకా వంపు ఉంటే కంగారు పడక్కర్లేదు. అంగుళంన్నర దాటితే ఇంజనీరుకు చూపించాలి. అసలు చూడాల్సింది వంపు ఎంత ఉందన్నది కాదు, పెరుగుతోందా లేదా అన్నది. కొలతనూ తేదీనీ దూలం మీదే పెన్సిలుతో రాసి, వానాకాలానికి ముందొకసారి, తర్వాత ఒకసారి కొలవండి. అంకె కదలకపోతే ఆ దూలం ఇంకా పనిచేస్తున్నట్టే.

పుచ్చు చాలావరకు చివర్లలోనే మొదలవుతుంది. గోడలోకి దూరిన తొమ్మిది పది అంగుళాల భాగానికి గాలి తగలదు. పైన తూము కారినా, పిట్టగోడ పగిలినా నీళ్ళు తిన్నగా అక్కడికే దిగుతాయి. మధ్య నుంచి మొదలుపెట్టి గోడవైపు సుత్తితో తట్టుకుంటూ వెళ్ళండి. గట్టి చెక్క ఖణేల్‌మంటుంది, పుచ్చిన చోట శబ్దం మొద్దుబారుతుంది. అలా మారిన చోట స్క్రూడ్రైవర్‌ని పక్క నుంచి గట్టిగా గుచ్చండి. రెండు మూడు మిల్లీమీటర్ల దగ్గరే ఆగితే చేవ ఉన్నట్టు. అర అంగుళం సులువుగా దిగి, చెక్క ఘనాలుగా పెళపెళ విరిగితే ఆ భాగం పోయింది. పై రంగు నల్లబడడం మాత్రం రుజువు కాదు. పాత వంటింటి పొగ అయినా కావచ్చు, ఎప్పుడో వేసిన తారు అయినా కావచ్చు.

చెక్కలో తేమ కొలిచే మీటరు దొరికితే ఇంకా మంచిది. తేమ 20 శాతం లోపు ఉంటే చెక్కను పుచ్చబెట్టే బూజు పెరగదు. చివర్లో 25 పైన, మధ్యలో 14 చూపిస్తే ఇంట్లోకి నీళ్ళు ఎటు నుంచి వస్తున్నాయో ఆ అంకెలే చెప్తాయి. ఆ దారి మూయకుండా కొత్త దూలం వేసినా దానికీ అదే గతి.

ఒక్క చివరే పుచ్చితే దూలం మొత్తం మార్చే పని లేదు. పని ఈ వరుసలో జరగాలి. ముందు కారుడు ఆపాలి. తర్వాత దూలానికి రెండు వైపులా పోట్లు పెట్టాలి. ఇనుప జాకీలైనా సరే, సరుగుడు బాదులైనా సరే, పోటు అడుగు మాత్రం గట్టి నేల మీదే ఆనాలి. కింద ఇంకో చెక్క నేల ఉంటే అక్కడా సరిగ్గా అదే చోట పోటు పెట్టుకుంటూ మట్టిదాకా దిగాలి. వంగిన దూలాన్ని ఒక్కరోజులో పైకెత్తాలని చూడొద్దు. పైనున్న సున్నపు నేల, పక్క గోడలు ఆ వంపుకే అలవాటుపడి ఉన్నాయి, బలవంతం చేస్తే పగుళ్ళు అక్కడ తేలతాయి. ఉన్న చోటే నిలబెట్టడం మేలు.

ఆ తర్వాత పుచ్చిన ముక్కనూ, దాన్ని దాటి అడుగు మేర మంచి చెక్కనూ కోసేసి, బాగా ఆరిన టేకు ముక్కను సగం సగం చెక్కి అతుకు వేయించండి. అతుకు పొడవు దూలం లోతుకు కనీసం మూడు రెట్లు ఉండాలి. బోల్టుల లెక్క, పక్కన ఇనుప పలకలు కావాలా వద్దా అన్నది స్ట్రక్చరల్ ఇంజనీరు తేల్చాలి, వడ్రంగి అంచనాకు వదలొద్దు. కొత్త చివరను గోడలో పెట్టేటప్పుడు కింద రాతి పలక, దాని మీద తారు అట్ట వేసి, రెండు పక్కలా వెనకా అంగుళం ఖాళీ వదలండి. ఆ ఖాళీని సిమెంటుతో పూడ్చేయడమే మామూలుగా జరిగే తప్పు. "గట్టిగా పట్టుకుంటుంది" అంటారు. తడి కూడా గట్టిగానే పట్టుకుంటుంది.

ఇంకో మాట. దూలాలు బాగున్నా బరువులు సరిచూసుకోండి. బట్టల బేళ్ళయినా మిర్చి టిక్కీలయినా గది మధ్యలో పేర్చకుండా గోడల వెంబడి సర్దండి. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే టన్ను బరువు. దాన్ని దూలం నడుమ కాకుండా కింది నుంచి లేచిన గోడ మీద పెట్టాలి. పై అంతస్తు చెక్క నేల మీద కొత్తగా స్నానాల గది కట్టించే ఆలోచన ఉంటే మానుకోండి.

ప్రశ్న: లాలాపేటలో పాత ఇల్లు. నాలుగేళ్ళ కిందట పాత గార కొట్టించి సిమెంటు ప్లాస్టరింగ్ చేయించి, పైన మంచి కంపెనీ ప్లాస్టిక్ రంగు వేయించాం. ఇప్పుడు మూడడుగుల ఎత్తు వరకు ఉబ్బి తెల్లటి పొడి రాలుతోంది. పక్కనే ద్వారబంధం అడుగు కూడా మెత్తబడింది. ఇంకా మంచి వాటర్‌ప్రూఫ్ సిమెంటు వాడాలా?
– ఓ పాఠకురాలు, గుంటూరు

జవాబు: వాడితే పొంగు మూడడుగుల నుంచి అయిదడుగులకు ఎక్కుతుంది.

పాత ఇంటి పునాదిలో తడిని ఆపే పొర ఉండదు. నేలలోని నీరు ఇటుకలో ఎప్పుడూ కొంత ఎక్కుతూనే ఉంటుంది. సున్నపు గార గాలి పీల్చే పూత కాబట్టి ఎక్కిన నీరు గోడ ముఖం నుంచి ఆవిరైపోయేది. సిమెంటు, దాని మీద ప్లాస్టిక్ రంగు ఆ దారిని మూసేశాయి. నీరు ఇంకా పైకి వెళ్ళి దారి వెతుక్కుంటుంది, లేదంటే పక్కనున్న చెక్కలోకి పోతుంది. మీ ద్వారబంధం అడుగు మెత్తబడింది అందుకే. ఆ తెల్ల పొడి నీటితో వచ్చిన ఉప్పు. ఇటుకకూ సిమెంటుకూ మధ్య గడ్డకట్టి పూతను బయటికి తోస్తుంది.

బయటికెళ్ళి వీధి ఎత్తు చూడండి. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోవడంతో పాత వీధుల్లో అరుగులు ఒకటి రెండు మెట్లు మునిగిపోయాయి. వీధి మీ గడప కంటే ఎత్తయితే వాననీరు గోడ మొదట్లోనే నిలుస్తుంది. గోడను ఆనుకుని వేసిన సిమెంటు గచ్చును అడుగు వెడల్పున తీయించి, ఇంటి లోపలి నేల మట్టం కంటే అరడుగు కిందికి తవ్వి, కంకర నింపి, నీరు కాలువలోకి పోయేలా వాటం ఇవ్వండి. పునాది అడుగు కంటే లోతుకు మాత్రం తవ్వకూడదు. ఈ పని చేయకుండా పూత మార్చడం దండగ.

తర్వాత తడి గీత కంటే రెండడుగులు పైవరకు సిమెంటు పూతను చెక్కించి తీయించండి. ఇటుకల సందులు ముప్పావు అంగుళం లోతు గీకించాలి. ఉప్పును పొడి బ్రష్షుతో దులిపి ఎత్తి పారేయాలి. నీళ్ళు కొట్టి కడిగితే కరిగి మళ్ళీ గోడలోకే వెళ్తుంది. గోడను కనీసం ఒక వేసవి అలా వదిలేయండి. చుట్టాలొస్తే బాగుండదని తొందరపడితే మొత్తం మళ్ళీ మొదటికొస్తుంది.

గారకు సున్నం మీ పొరుగునే, పిడుగురాళ్ల బట్టీల్లో దొరుకుతుంది. గడ్డలుగా ఉన్నది తీసుకోండి. అప్పటికే పొడిగా రాలిపోయిందంటే గాలికి చచ్చిన సున్నం, పట్టు ఉండదు. ఇనుప డ్రమ్ములో ముందు నీళ్ళు పోసి, వాటిలో గడ్డలను కొద్దికొద్దిగా వేయాలి. గడ్డలు ఒక పాలయితే నీళ్ళు మూడు నాలుగు పాళ్ళు. సల సల కాగుతుంది కాబట్టి ప్లాస్టిక్ డ్రమ్ము వద్దు. కళ్ళజోడు, చేతి తొడుగులు లేకుండా ఎవరినీ దగ్గరికి రానివ్వకండి, సున్నం కంట్లో పడితే చూపే పోవచ్చు. జల్లెడ పట్టి, పైన ఎప్పుడూ నీళ్ళు నిలిచేలా ఉంచి, కనీసం మూడు వారాలు నానబెట్టండి. తొందరపడితే ఉడకని పలుకులు గోడ మీద నెలల తర్వాత విచ్చుకుని చిన్న చిన్న గుంటలు పడతాయి.

పాళ్ళు: నానిన సున్నం 1, సుర్ఖీ (ఇటుక పొడి) 1, కడిగిన ఇసుక 2. సుర్ఖీని బాగా మాడిన ఇటుకతో కాకుండా తక్కువ కాలిన ఇటుకతో దంచించాలి, మాడిన ఇటుక పొడికి సున్నంతో కలిసే గుణం ఉండదు. ఒక్కో పూత అర అంగుళానికి మించకూడదు. మొదటిది బిగిసి గోరుతో గీస్తే గీత పడేంత గట్టిపడ్డాకే రెండోది. తడి గోనెలు కప్పి పది రోజులు ఆరకుండా చూడాలి. మే నెల గుంటూరు ఎండలో ఈ పని పెట్టుకుంటే పూత ఒక్క పూటలో ఎండి పగులుతుంది. కార్తీకం నుంచి మాఘం దాకా అనువైన కాలం. రంగు కూడా వెల్లసున్నమే, నీళ్ళలా పల్చగా నాలుగు పూతలు.

ద్వారబంధం అడుగు చెక్కను మెత్తనంత మేర కోసి కొత్త ముక్క అతికించి, దాని కింద రాతి దిమ్మె పెట్టించండి. పాత మండువా స్తంభాలు చూడండి, ఏదీ నేలను తాకదు, అన్నీ రాతి దిమ్మెల మీదే నిలబడి ఉంటాయి.

ప్రశ్న: మా అబ్బాయి ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్ నుంచి ఓ పాత వర్తకుడి ఇంటి ఫొటో పంపాడు. గోడల్లో చెక్కలు బయటికే కనిపిస్తున్నాయి, మధ్యలో తెల్లటి పూత. పై అంతస్తులు వీధి మీదికి తోసుకొచ్చి ఉన్నాయి. అది అలంకారమా, నిజంగా చెక్కే మోస్తోందా? మన వైపు అలా ఎందుకు కట్టలేదు?
– ఓ పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: నిజంగా చెక్కే మోస్తుంది. అది ప్రధాన చర్చి ముందున్న కామర్జెల్ ఇల్లు అయితే కింది అంతస్తు 15వ శతాబ్దపు రాతి కట్టడం, పైనున్న చెక్కడపు పనితో ఉన్న చెక్క అంతస్తులు 1589లో ఓ జున్ను వర్తకుడు కట్టించుకున్నవి. జర్మనీలో ఈ పద్ధతిని ఫాహ్‌వెర్క్ అంటారు. అక్కడి క్వెడ్లిన్‌బర్గ్ ఊరి నడిబొడ్డంతా ఇలాంటి ఇళ్ళే, 1994లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

మన ఇంట్లో గోడ మోస్తుంది, చెక్క దాని మీద కూర్చుంటుంది. అక్కడ చెక్క చట్రం మోస్తుంది, గోడ ఖాళీలను పూడ్చే తడిక మాత్రమే. అడుగున ఓక్ అనే గట్టి చెక్క దిమ్మెలు, వాటి మీద నిలువు గుంజలు, గాలికి చట్రం ఒరిగిపోకుండా ఏటవాలు కమ్మీలు. గడుల్లో పుల్లలు నిలిపి, సన్న కొమ్మలతో అల్లి, గడ్డి కలిపిన బంకమట్టి రెండు వైపులా మెత్తి, పైన సున్నం పూస్తారు. మన పల్లెల్లో తడికకు మట్టి మెత్తడం తెలిసిన వాళ్ళకు ఇందులో వింతేమీ లేదు. చట్రాన్ని ముందు వడ్రంగి ఆవరణలో నేల మీద పరిచి అమర్చుకుని, ఏ ముక్క ఎక్కడిదో ఉలితో అంకెలు చెక్కి, విప్పి తెచ్చి ఇంటి దగ్గర నిలబెట్టేవారు. ఆ గుర్తులు చాలా ఇళ్ళలో ఇప్పటికీ కనిపిస్తాయి. ఒక చెక్క చివర చెక్కిన కుసికీ, అది దూరే గాడికీ బెజ్జాలు ఎదురెదురుగా కాకుండా కొద్దిగా ఎడంగా వేస్తారు. కొయ్య చీల దిగగొడితే అతుకు తనంత తానే బిగుసుకుంటుంది. ఇనుప మేకుతో పని లేదు.

పై అంతస్తు ముందుకు రావడం వల్ల గది పెరుగుతుంది, కింది గోడకు వాన తగలదు.

ఇక మన వైపు సంగతి. ఇక్కడి ఎండకు గది చల్లగా ఉండాలంటే మందపాటి గోడ కావాలి, నాలుగంగుళాల తడిక చాలదు. నేల పొడవునా పరిచే దిమ్మె చెదలకు విందు భోజనం. మన దేశంలో దీనికి దగ్గరి చుట్టం కాశ్మీరులోని ధజ్జీ దేవారి: సన్న చెక్క చట్రం, గడుల్లో రాయీ మట్టీ. 2005 భూకంపంలో ఆ కట్టడాలు చాలా చోట్ల బాగా తట్టుకున్నాయి, చట్రం ఊగి సర్దుకుంది.

ఆ దేశాల్లో కూడా గత శతాబ్దంలో చెక్కకూ గోడకూ మధ్య సందుల్లో సిమెంటు కూరి, పైన ఆవిరి పోనివ్వని రంగులు వేశారు. వాన సందులోంచి లోపలికి పోయింది, బయటికి రాలేదు, నాలుగు వందల ఏళ్ళు నిలిచిన ఓక్ దిమ్మెలు అడుగు నుంచి కుళ్ళాయి. ఇప్పుడు అక్కడా సిమెంటు పీకి మళ్ళీ మట్టి, సున్నమే పెడుతున్నారు. లాలాపేట పాఠకురాలి కష్టమూ ఇదే.

ప్రశ్న: మాది దూలాల మీద ఇటుక, సున్నం వేసిన పాత మద్రాసు టెర్రస్ డాబా. వానకు రెండు చోట్ల కారుతోంది. పైన తారు షీటు అతికిస్తామని ఒకరు, సిమెంటు గచ్చు చేస్తామని ఒకరు అంటున్నారు.
– ఓ పాఠకుడు, కొత్తపేట, విజయవాడ

జవాబు: రెండూ వద్దు. కారే చోటు లోపల ఎక్కడ కనబడినా నీరు దూరే చోటు సాధారణంగా పిట్టగోడ మూలల్లోనో తూము చుట్టూనో ఉంటుంది. ముందు తూములు శుభ్రం చేసి, బకెట్టుతో ఒక్కో మూల విడివిడిగా తడిపి, కింద ఒకరిని నిలబెట్టి చూడండి. ఒక మూలకూ ఇంకో మూలకూ మధ్య అరపూట ఆగాలి.

పగుళ్ళను అర అంగుళం వెడల్పుకు విప్పి, తడిపి, సున్నం సుర్ఖీ సమపాళ్ళలో కలిపి కూరి, చెక్కతో దట్టించాలి. పిట్టగోడ, డాబా కలిసే మూల పొడవునా మూడంగుళాల మేర గుండ్రంగా గార తిప్పించండి. వాటం పది అడుగులకు మూడు, మూడున్నర అంగుళాలు ఉండాలి. మధ్యలో నీరు నిలుస్తుంటే ఆ మేర పలక పెంకులు తీసి, కింద సున్నపు కాంక్రీటు సరిచేసి, మళ్ళీ పరవాలి. కాంక్రీటును కొయ్య బడితలతో కొట్టేటప్పుడు చల్లే కరక్కాయ నీళ్ళకు పాత లెక్క ఇది: సుమారు వంద చదరపు అడుగులకు చితక్కొట్టిన కరక్కాయ 600 గ్రాములు, బెల్లం 200 గ్రాములు, నీళ్ళు 40 లీటర్లు. ఒక పగలూ ఒక రాత్రీ నానబెట్టి, పైన తేరిన నీరే వాడాలి. బెల్లం ఎక్కువేస్తే బలం ఎక్కువని కొందరు గుప్పిస్తారు, చీమలు పట్టడం తప్ప లాభం లేదు.

పిట్టగోడలో రావి మొక్క ఉంటే లాగి పారేయకండి, వేరు లోపలే ఉండి మళ్ళీ లేస్తుంది. అక్కడి ఇటుకలు విప్పి వేరంతా తీసి తిరిగి కట్టించాలి. ఇంగువ పెడితే చస్తుందన్న మాటను నమ్ముకోవద్దు.

ప్రశ్న: కిటికీ చట్రం కింద సన్నటి పొడి రాలుతోంది. చెదలేనా?
– ఓ పాఠకుడు, పట్నం బజార్, గుంటూరు

జవాబు: పిండిలాంటి పొడి, గుండుసూది తలంత బెజ్జాలు ఉంటే అది చెక్కను తొలిచే పురుగు. నేలలోంచి వచ్చే చెద పొడి రాల్చదు, మట్టి గొట్టాలు కట్టుకుని వస్తుంది. పురుగు ఎక్కువగా టేకు చేవ చుట్టూ ఉండే తెల్ల చెక్కనే తింటుంది. దాన్ని చెక్కేసి మందు పూస్తే సరిపోతుంది. చెద అయితే నేల, గోడ కలిసే చోట అడుగుకొకటి చొప్పున 12 మిల్లీమీటర్ల బెజ్జాలు వేసి, ఒక్కోదానిలో లీటరు వరకు మందు నీరు పట్టించాలి. ఇమిడాక్లోప్రిడ్ 30.5 శాతం ద్రావణమైతే లీటరు నీటికి 2.1 మిల్లీలీటర్లు. బావి ఉంటే దాని పక్కన వేయకూడదు. ఈ పని లైసెన్సు ఉన్నవాళ్ళతోనే చేయించండి.

ప్రశ్న: అక్కన్న మాదన్న గుహల దగ్గర్లో పాత ఇల్లు ఉంది. మరమ్మతుకు అనుమతి కావాలంటున్నారు.
– ఓ పాఠకుడు, విజయవాడ

జవాబు: కావాలి. ఆ గుహలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. రక్షిత హద్దు నుంచి వంద మీటర్ల లోపు కొత్త కట్టడం నిషేధం, ఆ పైన ఇంకో రెండు వందల మీటర్లు నియంత్రిత ప్రాంతం. వంద మీటర్ల లోపు ఇల్లయినా 1992 జూన్ 16కు ముందు నుంచీ ఉన్నదైతే మరమ్మతుకు అనుమతి అడగొచ్చు. పాత పన్ను రసీదులు, దస్తావేజు, నాలుగు వైపుల ఫొటోలు సిద్ధం చేసుకోండి. ఒక్క విషయం గుర్తుంచుకోండి: ఆ హద్దులో ఇల్లు పడగొట్టాక మళ్ళీ కట్టుకోనిస్తారన్న భరోసా లేదు. పడగొట్టి శ్లాబు వేసుకోమనే సలహాకు అక్కడ అర్థమే లేదు.

ప్రశ్న: మా వీధి గుమ్మం చెక్కడపు పనితో ఉంటుంది. ఓ పాత సామాన్ల వ్యాపారి మంచి ధర ఇస్తానంటున్నాడు. తలుపులతో పాటు ద్వారబంధం కూడా కావాలట.
– ఓ పాఠకురాలు, వన్‌టౌన్, విజయవాడ

జవాబు: తలుపులు అమ్ముకోవడం మీ ఇష్టం, మా సలహా అయితే వద్దనే. ద్వారబంధం మాత్రం ముట్టుకోనివ్వకండి. చాలా పాత ఇళ్ళలో గుమ్మం మీది గోడ బరువు ద్వారబంధం పైకమ్మి మీదా, దాని వెనక వరుసగా పరిచిన చెక్క పలకల మీదా ఉంటుంది. కొనేవాళ్ళు ఒక పూటలో గడ్డపారతో పెకలించుకు పోతారు, వారం తిరిగేసరికి గుమ్మం పైన గోపురం ఆకారంలో పగులు తేలుతుంది. పుచ్చిపోయి మార్చక తప్పకపోతే గుమ్మానికి పైన గోడలో మూడడుగులకొకటి చొప్పున అడ్డంగా బెజ్జాలు కొట్టి, ఇనుప దూలాలు దూర్చి, లోపలా బయటా జాకీలు నిలబెట్టి, గోడ బరువు వాటి మీదికి వచ్చాకే పాతది కదిలించాలి. కొత్తది పెట్టాక పైకమ్మికీ గోడకూ మధ్య సందును పలక రాళ్ళతో బిగించి, సున్నం గట్టిపడేవరకు రెండు మూడు వారాలు జాకీలు తీయకూడదు.